దొరల మనస్సాక్షి, దేవాలయ పాలన

మదరాసు ప్రభుత్వము 1817లో చేసిన ఏడవ రెగ్యులేషను దేవాలయముల పర్యవేక్షణమును రెవిన్యూ బోర్డునకు అప్పగించినది మొదలు, జిల్లా కలెక్టరు శిస్తు వసూలు చేయు అధికారి మాత్రమే కాక, ఆలయముల ఆదాయవ్యయములను విచారించు ధర్మకర్తయు నయ్యెను. తిరుమల దేవస్థానము 1801 నుండియే ఈస్టిండియా కుంపిణీ యాజమాన్యమున నుండెను. దాని పరిపాలనమునకై 1821లో బ్రూసు దొర యొక నిబంధనావళిని కూర్చెను. ఖర్చులు పోగా మిగిలిన కానుకల సొమ్ము సర్కారు ఖజానాకు చేరుచుండెను. తేరు లాగుటకు జనమును సమకూర్చుటయు, ఉత్సవములందు సిపాయిలను నిలిపి ఫిరంగులు ప్రేల్పించుటయు కూడ దొరతనపు పనులే. శ్రీవారి నైవేద్యపు పాత్ర యొకటి మదరాసు గవర్నరు మన్రో దొర పేర మన్రో గంగాళమని పేరుపడుట ఆ కాలపు సాన్నిహిత్యమునకు గుర్తు.

అయితే మన్రో దొరకు గౌరవమైనది మరికొందరు దొరలకు పాపమయ్యెను. ఆలయములతో ఈ సంబంధమును త్రెంచుకొనుమని లండనులోని కుంపిణీ డైరెక్టర్లు 1833లో ఉత్తరువు పంపినను, ఆదాయము పోవుననియు, ప్రజలు కలత చెందుదురనియు శంకించి ఇచ్చటి ప్రభుత్వము తాత్సారము చేసెను. అంతట సివిలు, సైనికోద్యోగులును మతగురువులును చేవ్రాళ్లు చేసిన విజ్ఞాపనమును 1836లో మదరాసు బిషపు కారీ ప్రభుత్వమునకు సమర్పించి, మెప్పునకు మారుగా మందలింపునే పొందెను. సేనాధిపతి మెయిట్‌లండు 1838లో ఈ విషయముననే తన పదవిని త్యజించెను. అన్యమతోత్సవములకు తమచేత బలవంతముగ మర్యాదలు చేయింపరాదన్న వారి మొర న్యాయమైనదే. కాని ఆ మొరలో విగ్రహారాధనపై ఏవగింపును కలసియుండెనన్న మాటను మరుగుపరుప రాదు.

తుదకు 1843లో తిరుమల హాథీరాంజీ మఠపు మహంతు సేవాదాసు వశమయ్యెను. 1863 నాటి ఇరువదవ చట్టము ప్రభుత్వోద్యోగులు ఆలయ నిర్వహణమును చేపట్టుటనే నిషేధించెను. దొరల మనస్సు కుదుటపడెను గాని, దేవుని సొత్తునకు లెక్క యడుగువారు కఱవై, వ్యాజ్యములు పెరిగెను. మరల శాసనబద్ధమైన పర్యవేక్షణము నెలకొల్పుటకు 1927 నాటి రెండవ చట్టమును, తిరుపతికి ప్రత్యేకముగ 1933లో ఏర్పడిన కమిటీయు కావలసివచ్చెను.

ఇష్టములేని క్రతువునుండి ఉద్యోగిని తప్పించుట యొకటి, ప్రజల ధర్మాదాయమును కాపాడు బాధ్యతనుండి ప్రభుత్వమే తప్పుకొనుట మరియొకటి. మొదటిదానికి ఆ యుద్యోగిని వేరొక పనికి మార్చిన చాలియుండెడిది. కుంపిణీవారు రెండవదానిని చేసిరి. ఆ నష్టమును భరించినవారు ఆ విజ్ఞాపనమున ఎవరును సంప్రదింపని భక్తులు.