బి-172: సముద్రం దాటిన అణా బిళ్ళ

1854 అక్టోబరు 1న ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం దేశమంతటా ఒకే రకం తపాలా బిళ్ళలను అమల్లోకి తెచ్చింది. కలకత్తాలో అచ్చయిన నీలం అర్ధణా, ఎర్ర అణా బిళ్ళలు పెషావరులో చెల్లాయి, మచిలీపట్నంలో చెల్లాయి. సింగపూరు, పెనాంగు, మలక్కాలలోనూ చెల్లాయి. ఆ మూడు రేవులూ అప్పట్లో కలకత్తా ఏలుబడిలోనే ఉండేవి. రంగూను, ఏడెన్ కూడా కంపెనీవే. బిళ్ళ మీద రాణి తల, 'ఇండియా' అన్న మాట, వెల తప్ప ఏ ఊరి జాడా లేదు. అది ఎక్కడ ఉత్తరానికి అంటించారో చెప్పగలిగింది ముద్ర ఒక్కటే.

తొలినాళ్ళ ముద్రల్లో చాలావాటికి పేరూ లేదు, అంకే లేదు; చుక్కల గుంపు మాత్రమే. అలాంటి బిళ్ళ విడిగా దొరికితే ఊరు పోల్చలేం. కొద్దికాలానికే గీతల అష్టభుజి మధ్య అంకె వేసే పద్ధతి వచ్చింది. తపాలా శాఖ విభాగాలైన సర్కిళ్ళలో బెంగాల్ సర్కిల్‌కు 'బి', మద్రాసు సర్కిల్‌కు 'సి' అక్షరం అంకె పైన ఉండేది. బొంబాయి సర్కిల్‌కు అక్షరం లేదు. మలక్కా బి-109, పెనాంగు బి-147, సింగపూరు బి-172, రంగూను బి-156. బొంబాయి కిందనున్న ఏడెన్‌ది ఒట్టి 124. ఒక్కో సర్కిల్ తన అంకెలు తాను వేసుకుంది కాబట్టి ఒకే అంకె వేర్వేరు సర్కిళ్ళలో వేర్వేరు ఊళ్ళది. అక్షరం చెరిగిపోయిన ముద్రను అంకె ఒక్కటే చూసి నమ్మకూడదు. సగం పడిన ముద్రలో కనిపించే 72, నిజానికి 172 తోక కావచ్చు.

అసలు చిక్కు 1870ల్లో మొదలైంది. కొత్త పద్ధతిలో సర్కిల్ ముఖ్యపట్టణం పేరులోని తొలి ఇంగ్లిషు అక్షరం వాడారు. 'బి' బొంబాయిదయింది, 'సి' కలకత్తాది, మద్రాసుకు 'ఎం', రంగూనుకు 'ఆర్' వచ్చాయి. ఏడెన్ బి-22 అయింది. పాత పట్టిక చేతబట్టుకుని ఆ ముద్రను బెంగాల్‌కు కట్టబెడితే పొరపాటే. బిళ్ళ ఏ సంవత్సరపు అచ్చో, ముద్ర ఆకారం ఏమిటో తేల్చుకున్నాకే అంకె జోలికి వెళ్ళాలి. నా దృష్టిలో ముద్రలు చదివే విద్యకు మొదటి మెట్టు ఇదే.

సింగపూరు కథ ఇంకా ఆసక్తికరం. అక్కడి వ్యాపారం డాలర్లు, సెంట్లలో. బిళ్ళల వెల అణాల్లో. 1867 ఏప్రిల్ 1న ఆ రేవులు భారత పాలన నుంచి విడిపోయి ప్రత్యేక వలస రాజ్యమయ్యాయి. సెప్టెంబరు 1న భారత బిళ్ళల మీదే కిరీటం, సెంట్ల వెల అచ్చొత్తి అమ్మారు. ఏడాది చివరికి సొంత బిళ్ళలు వచ్చాయి. పాలన మారినా ముద్ర మారలేదు. బి-172 సొంత బిళ్ళల మీదా పడుతూనే వచ్చింది. పైగా బ్యాంకాక్‌లోని బ్రిటిష్ కాన్సులేట్ ఉత్తరాలు కూడా సింగపూరు చేరాకే ముద్ర వేయించుకున్నాయి. అంటే ముద్ర చెప్పేది బిళ్ళను రద్దు చేసిన చోటు. ఉత్తరం పుట్టిన ఊరు కవరు చూస్తే గాని తెలియదు.

భారత పాలన లేని చోట్లకూ ఈ తపాలా వెళ్ళింది. పర్షియన్ గల్ఫ్ ప్రాంతంలోని బుషైర్, మస్కట్‌లలో 1864లో, బాగ్దాదు, బస్రాలలో 1868లో భారత తపాలా కార్యాలయాలు తెరిచారు. టిబెట్‌లోని గ్యాంట్సే, ఫారీ, యాతుంగ్‌లలో 1955 వరకూ నడిచాయి. టిబెట్ కార్యాలయాల వంటి చివరి తరం ముద్రల్లో ఊరి పేరు నేరుగా ఉంటుంది, పోల్చడం తేలిక. ఏడెన్, బర్మా 1937 ఏప్రిల్ 1న భారత్ నుంచి విడిపోయాయి.

ఈ ముద్రలను ఊళ్ళతో జతచేసి పట్టికలు కట్టినవారు ఎక్కువగా సేకర్తలే. వారిలో బొంబాయికి చెందిన జాల్ కూపర్ చేసిన పని ఇప్పటికీ ఆధారం. ఆ పట్టికలు కుదిరింది కవర్ల వల్లే: బిళ్ళ మీద అంకె, పక్కనే కాగితం మీద ఊరి పేరున్న తేదీ ముద్ర, రెండూ ఒకేచోట దొరికాయి. మామూలు అర్ధణా బిళ్ళకు విదేశపు ముద్ర ఉంటే ధర పెరుగుతుంది కనుక దొంగముద్రలూ పుట్టాయి. ముద్ర బిళ్ళ అంచు దాటి కాగితం మీదికి సాగిందా లేదా అన్నది మంచి పరీక్ష. బిళ్ళను ఊడదీశాక ఆ పరీక్షకు తావుండదు.

కాకినాడ, కోరంగి, విశాఖ రేవుల నుంచి వేలాది తెలుగువారు రంగూను వెళ్ళి పనిచేశారు. వారు ఇంటికి రాసిన ఉత్తరాలు కోస్తా జిల్లాల పాత పెట్టెల్లో ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. అలాంటిది మీ చేతికొస్తే బిళ్ళను కత్తిరించకండి, నీళ్ళలో నానబెట్టకండి. కవరును కవరుగానే, లోపలి ఉత్తరంతో సహా ఉంచండి.