దూరా యూరోపస్: మట్టి కాపాడిన ఇంటి సంఘం

ఆదిసంఘం ఇళ్లలో కూడుకునేదని పౌలు పత్రికల్లో చదువుతాం. అలాంటి ఇల్లు ఒకటి సిరియా ఎడారిలో, యూఫ్రటీసు ఒడ్డునున్న దూరా యూరోపస్ పట్టణంలో బయటపడింది.

క్రీ.శ. 240 ప్రాంతంలో విశ్వాసులు ఒక మామూలు ఇంటిని ఆరాధనకు మార్చుకున్నారు. రెండు గదుల మధ్య గోడ తీసేసి కూడికకు పెద్ద గది చేశారు. మరో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టారు. దాని గోడలపై మంచి కాపరి, పక్షవాయువుగలవాని స్వస్థత, నీళ్లమీద పేతురు చిత్రాలు వేయించారు. అదే కోటగోడ వెంట యూదుల సమాజమందిరమూ ఉండేది.

256 ప్రాంతంలో పారసీకులు ముట్టడించారు. కోటగోడను బలపరచడానికి రోమా సైనికులు పక్కనున్న ఇళ్లను మట్టితో పూడ్చేశారు. పట్టణం కూలింది. ఆ మట్టే చిత్రాలను కాపాడింది.

1930లలో యేల్ విశ్వవిద్యాలయం, ఫ్రెంచి పండితులు కలిసి తవ్వి తీశారు. బాప్తిస్మపు గది చిత్రాలు అమెరికాకు, యేల్ చిత్రశాలకు చేరాయి. 2011 తర్వాతి యుద్ధకాలంలో దొంగలు ఆ స్థలమంతా గుంతలు తవ్వి దోచుకున్నారు.

మందిరం లేదని చిన్నబుచ్చుకునే కూడికలకు మేము చెప్పేది ఇదే: ఆ పెద్ద గదిలో పట్టేది సుమారు డెబ్బై మందే. గోపురం లేదు, గంట లేదు. అయినా అది సంఘమే.