వాద్యముల ఉమ్మడి భాష

ప్రొద్దుటూరు దసరా యుత్సవములలో మేళము సాగునపుడు నాదస్వర విద్వాంసుడు కంటితో సైగ చేయును. డోలు వాయించువాడు దానిని గ్రహించి నడక మార్చును. మనుష్యుల నడుమ ఆ సైగ చాలును. నేడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పాటకచేరి జరుగుచోట విద్యుత్తుతో పలుకు కీబోర్డులును కానవచ్చుచున్నవి. కన్నులు లేని యీ వాద్యములు ఒకదాని సైగను మరియొకటి యెట్లు గ్రహించును? దాని చరిత్ర తెలిసికొనదగినది.

1970 తరువాతి దశాబ్దమున సింథసైజరు అను విద్యుద్వాద్యములు వ్యాప్తిలోనికి వచ్చెను. కాని ఒక్కొక్క కంపెనీ వాద్యము తన యింటి భాషనే యెఱుగును. పొరుగువాని వాద్యముతో పొందిక తక్కువ. ఈ కొఱతను తీర్ప జపాను దేశమున రోలాండు కంపెనీ స్థాపకుడైన ఇకుతారో కకెహాషియు, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ స్థాపకుడైన డేవ్ స్మిత్తును పూనుకొనిరి. 1981లో స్మిత్తు, చెట్ వుడ్డుతో కలిసి, ఉమ్మడి భాష కొకటి రూపకల్పన చేసి పండితసభకు సమర్పించెను. యమహా, కోర్గు, కవాయి కంపెనీలును చేయి కలిపెను. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని వాద్య ప్రదర్శనమున స్మిత్తుగారి ప్రాఫెట్-600 వాద్యమును, రోలాండు వారి జూపిటర్-6 వాద్యమును ఒక తీగతో కలుపగా రెండును ఏకముగా పలికెను. ఆ భాషకే 'మిడి' యని పేరు. అంగడిలో పోటీపడువారు దానికి రుసుము విధింపక అందఱకును విడిచిపెట్టుట విశేషము. ఇందులకై 2013లో ఆ యిరువురకును గ్రామీ సాంకేతిక పురస్కారము లభించెను.

ఈ తీగలో శబ్దము ప్రవహింపదు; ఆజ్ఞ మాత్రమే ప్రవహించును. చీటి చేరినంతనే కొట్టులో ధాన్యము కొలువబడును గాని, చీటిలో ధాన్యముండదు గదా! మెట్టు నొక్కగానే మూడు చిన్న అంకెలు వెడలును: పలుకుమను ఆజ్ఞతో కూడిన మార్గసంఖ్య యొకటి, ఏ మెట్టు అనునది రెండవది, ఎంత బలముతో నొక్కబడెనో తెలుపునది మూడవది. మెట్లకు 0 మొదలు 127 వఱకు సంఖ్యలు కలవు. నడిమి 'సి' మెట్టు సంఖ్య 60. సెకండునకు 31,250 బిట్ల వేగమున సాగుటచే ఈ మూడు అంకెలు చేరుటకు సెకండులో వేయవ వంతు చాలును. ఒకే తీగలో 16 మార్గములుండుటచే 16 వాద్యముల కాజ్ఞలు కలిసి పయనించును. ఈ యంకెలను కంప్యూటరు భద్రపఱచి, కోరినపుడు మరల వాయింపజేయును.

అయితే అంకెలకు అందనిదేమి? గమకము. సప్తకమున పండ్రెండు మెట్లే గల హార్మోనియము గమకమును పలుకజాలదని 1940లో ఆకాశవాణి దానిని నిషేధించెను. 1971 వఱకు ఆ నిషేధము సాగెను. మిడి యందు స్వరమును వంచుటకు 16,384 మెట్టులు గల సదుపాయము కలదు. 2020లో వెలువడిన రెండవ రూపమున వాద్యములు పరస్పరము ప్రశ్నించి ఉత్తరము పొందగలవు, సూక్ష్మతయు హెచ్చెను. అయినను వంచవలసిన చోటును, వంపు కొలతయు నిర్ణయించునది గురుముఖమున శిక్షింపబడిన చెవియే.

దీనికి కడప సీమలోనే దృష్టాంతము కలదు. రాజంపేట చెంతనున్న తాళ్లపాకకు చెందిన అన్నమాచార్యుని సంకీర్తనలు రాగిరేకులపై నిలిచెను. ప్రతి సంకీర్తనకును రాగనామమున్నది, స్వరము లేదు. పాడు పరంపర తెగుటచే, ఇరువదవ శతాబ్దమున రాయలసీమ పండితుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారు వానికి క్రొత్తగా స్వరములు కూర్పవలసి వచ్చెను. రాగి నిలిచెను, పాట నిలువలేదు.

కావున తీగయు, రేకును, పుస్తకమును ఆజ్ఞలను మాత్రమే మోయును. వానికి ప్రాణము పోయువారు పాడువారును, వినువారును. కీబోర్డు నేర్చు బాలబాలికలు మెట్ల సంఖ్యలతోపాటు గురువు వద్ద సరళీ స్వరములను అభ్యసించినయెడల, నిక్షిప్తమైన అంకెలు మరల గానమగును.