పెనుకొండ రాసిన పంతులు

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) అనగానే మనకు ‘శివతాండవం’. నాకు మాత్రం ముందు ‘పెనుగొండలక్ష్మి’ గుర్తొస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు రాజధానిని హంపి నుంచి పెనుకొండకు మార్చాడు. ఆ వైభవమూ నిలవలేదు. చియ్యేడులో పుట్టిన పుట్టపర్తి ఆ పాడుబడ్డ కోట పక్కనే పెరిగాడు. ఇంగ్లీషు నేర్పింది సబ్ కలెక్టర్ భార్య పిట్ దొరసాని. మీసాలైనా రాకముందే ఈ కావ్యం రాసేశాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అదే పాఠ్యపుస్తకం! ఈ ముచ్చట చెప్పుకుని నవ్వుకుంటాం, పుస్తకం తెరవం. ఏ రాజు ఏ గుడికి ఎంత మాన్యం ఇచ్చాడో శాసనాలు చెప్తాయి. రాజులు వెళ్ళిపోయిన ఊళ్ళో మిగిలిన దిగులు మాత్రం ఈ కుర్రాడి పద్యాల్లోనే దొరుకుతుంది. ప్రొద్దుటూరు బడిలో తెలుగు చెప్పిన ఈ పంతుల్ని చరిత్రకారుల వరసలో ఎందుకో కూర్చోబెట్టం.