చెరకు తోటల్లో ఉడికిన బీన్ సూప్

1878 సెప్టెంబరు 30న ప్రిసిల్లా అనే ఓడ హొనొలులు రేవులో లంగరు వేసింది. దిగినవాళ్లు మదీరా దీవికి చెందిన పోర్చుగీసు కూలీలు. వెంట భార్యలు, చంకల్లో పిల్లలు. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను చుట్టి, దాదాపు నాలుగు నెలలు సముద్రం మీదే గడిపి వచ్చారు. హవాయిలో ఇవాళ ఏ వంటింట్లో అడిగినా చెప్పే ‘పోర్చుగీసు బీన్ సూప్’ కథకు ఆ ఓడే మొదలు.

వాళ్లను రప్పించింది పంచదార. 1875లో హవాయి రాజ్యం అమెరికాతో కుదుర్చుకున్న ఒప్పందంతో అక్కడి పంచదారకు సుంకం తప్పింది. తోటలు ఎకరాలకు ఎకరాలు పెరిగాయి, పనివాళ్లు చాల్లేదు. బయటి నుంచి వచ్చిన రోగాలకు స్థానిక హవాయీయులు అప్పటికే వేలల్లో బలైపోయారు. హవాయిలో ఏళ్ల తరబడి ఉండి, తర్వాత మదీరాలో కొంతకాలం గడిపిన జర్మన్ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ హిలెబ్రాండ్ అక్కడి జనాన్ని పిలిపించమని సలహా ఇచ్చాడు. మదీరావాళ్లకూ ఊరు విడవక తప్పని రోజులవి. 1850ల్లో బూజు తెగులు, 1870ల్లో వేరుపురుగు ద్రాక్షతోటలను తుడిచిపెట్టాయి.

ఈ చరిత్రలో అసలు కీలకం కుటుంబాలే. అంతకుముందు వచ్చిన చైనా కూలీల్లో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. పోర్చుగీసువాళ్లు మాత్రం ఇంటిల్లిపాదీ కదిలారు. ఓడ ఖర్చు తడిసి మోపెడవుతోందని తోటల యజమానులు గొణిగినా, ఆ ఖర్చుతోనే దీవులకు ఒక కొత్త వంట వచ్చింది. పెరట్లో ఆకుకూర మడి, రొట్టె కాల్చుకోవడానికి రాతి బట్టీ, పదిమందికి సరిపోయే పెద్ద గిన్నె: ఇవన్నీ సంసారం ఉన్నచోటే కుదిరేవి.

ఈ సూప్‌కు ఒకే మూలం చూపించడం కష్టం. మదీరాలో గోధుమలు, బీన్స్, పందిమాంసం కలిపి వండే సోపా ద ట్రీగు ఉంది. ఉత్తర పోర్చుగల్‌లో సన్నగా తరిగిన ఆకుతో, సాసేజ్ ముక్కతో చేసే కాల్దు వెర్ద్ ఉంది. తర్వాతి ఓడల్లో పోర్చుగల్‌కే చెందిన అజోర్స్ దీవుల జనమూ హవాయి చేరారు. ఆ దీవులవాళ్లే తిమింగలాల వేట ఓడలెక్కి అమెరికా తూర్పుతీరంలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లోనూ స్థిరపడ్డారు. అక్కడ ఇదే కుదురు వంట కేల్ అనే ఆకుకూర సూప్‌గా నిలిచింది. అన్నట్టు, బీన్స్ కూడా పోర్చుగల్‌కు అమెరికా ఖండం నుంచి వచ్చినవే.

వండే తీరులో తొందర పనికిరాదు. రాజ్మాను రాత్రే నానబెడతారు. పొగబెట్టిన పంది కాలి ముక్కను నీళ్లలో వేసి, మాంసం ఎముకను వదిలేదాకా గంటల తరబడి సన్నసెగ మీద ఉడకనిస్తారు. ఆ మాంసాన్ని చేత్తో విడదీసి మళ్లీ గిన్నెలోనే వేస్తారు. వెల్లుల్లి, మిరపపొడి దట్టించిన సాసేజ్‌ను చక్రాల్లా కోసి విడిగా వేయిస్తే ఎర్రటి కొవ్వు దిగుతుంది, ఘుమఘుమంతా అందులోనే. ఉల్లి, టమాటా, బంగాళాదుంప, క్యారెట్ పడ్డాక ఆఖర్న క్యాబేజీ గానీ కేల్ గానీ వేస్తారు, ముందే వేస్తే ఆకు చివికిపోతుంది. చాలామంది గుప్పెడు మాకరోనీ కలుపుతారు. మర్నాటికి పులుసు చిక్కబడి ఇంకా రుచిగా ఉంటుంది. పప్పులో ఆకుకూర వేసుకు తినే మనకు ఈ జోడీ ఏమంత కొత్తగా అనిపించదు.

తోటల జీవితం మాత్రం ఈ గిన్నెలా అందరినీ కలిపి ఉంచలేదు. తెల్ల యజమానులకూ ఆసియా కూలీలకూ మధ్య పోర్చుగీసువాళ్లను నిలబెట్టారు. చాలామందిని లూనాలుగా, అంటే మేస్త్రీలుగా, పెట్టారు. జాతిని బట్టి కూలి, జాతిని బట్టి ఇళ్ల వరస. అంత కట్టడిలోనూ వంట చేతులు మారింది. జపనీయుల ఇళ్లలో, ఫిలిప్పీన్స్ వాళ్ల ఇళ్లలో కూడా ఈ సూప్ కాగడం మొదలైంది. కేల్ బదులు వాటర్‌క్రెస్ వేసేవాళ్లున్నారు, రొట్టె బదులు అన్నంలో పోసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ సాసేజ్‌ అయితే హవాయిలోని మెక్‌డొనాల్డ్స్ టిఫిన్ పళ్లెంలోకీ ఎక్కింది, పక్కన గుడ్డు, అన్నంతో.