జెనెట్ ఊరి పచ్చ గాజు

అమెరికాలో పిట్స్‌బర్గ్‌కు తూర్పున జెనెట్ అని ఒక చిన్న ఊరుంది. 1880ల చివర్లో గాజు ఫ్యాక్టరీల కోసమే వెలసిన ఊరది. వాటి యజమానుల్లో ఒకడైన సెల్లర్స్ మెకీ భార్య పేరే ఊరికి పెట్టారు. పాత వంటింటి సామాను సేకరించేవాళ్లు ఇవాళ వెతికి వెతికి కొనే జేడైట్ గాజుకు పుట్టిల్లు ఇదే. పాలు కలిపిన లేత తమలపాకు రంగు. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నా అవతలి వస్తువు కనిపించదు.

గాజుకు పచ్చదనం అద్దడం అంతకు వందేళ్ల ముందే తెలిసిన విద్య. 1830లలో బొహీమియాలో యోసెఫ్ రీడెల్ గాజులో యురేనియం కలిపి పచ్చవి, పసుపువి చేసి, వాటికి తన కుటుంబంలోని అన్నా అనే ఆమె పేరు మీదుగా అన్నా పచ్చ, అన్నా పసుపు అని పేర్లు పెట్టాడు. అవి ధనవంతుల బల్లల మీదికి చేరిన నగిషీ గాజులు. జెనెట్‌లో తయారైంది వేరు. అది పిండి డబ్బాల గాజు, ఉప్పు సీసాల గాజు.

1930 ప్రాంతంలో మెకీ కంపెనీ ఈ రంగును స్కోకీ గ్రీన్ పేరుతో అమ్మింది. 1932లో అదే ఊళ్లోని జెనెట్ గ్లాస్ కంపెనీ తన సరుకును జేడైట్ అంది. చివరికి ఆ పేరే నిలిచింది. కాలం చూడండి: 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలింది, 1933 నాటికి దేశంలో నలుగురిలో ఒకరికి పని లేదు. అలాంటప్పుడు అమ్ముడుపోవాలంటే వస్తువు చవకగా ఉండాలి, రోజూ పనికిరావాలి, చూడ్డానికి కాస్త ముచ్చటగానూ ఉండాలి. యంత్రాల అచ్చుల్లో పోసి నొక్కే గాజు ఆ మూడూ తీర్చింది. ఉప్పు, మిరియాలు, పిండి, పంచదార అని నల్ల అక్షరాలు అచ్చేసిన సీసాలు పొయ్యి పక్కన వరసగా నిలబడ్డాయి. వేపుళ్లలో మిగిలిన కొవ్వు దాచే మూత గిన్నెలు, కొలత కప్పులు, పిండి కలిపే బేసిన్లు వచ్చాయి. అప్పుడప్పుడే ఇళ్లకు వస్తున్న ఫ్రిజ్‌లలో ఒకదాని మీద ఒకటి పెట్టుకునేందుకు మూతల పెట్టెలూ వచ్చాయి.

వీటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది నారింజ రసం పిండే గిన్నె. కాలిఫోర్నియా పండ్ల రైతుల సంఘం తమ నారింజల గిరాకీ పెంచుకోవడానికి సన్‌కిస్ట్ అన్న పేరు గాజులోనే పొదిగి వీటిని మెకీ దగ్గర చేయించింది. పండు తినడమే కాదు, పొద్దున్నే రసం తాగడం అలవాటు చేయాలన్నది వాళ్ల ఆలోచన. ఒక దేశపు ఉదయపు అలవాటు వెనక ఈ గాజు గిన్నె పాత్ర కూడా కొంత ఉంది.

తొలినాళ్ల జేడైట్‌లో చాలావాటిలోనూ యురేనియం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో అది ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. గాజు పరిశ్రమకు అది మళ్లీ దొరికింది 1958లోనే. సేకరించేవాళ్లు అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూసేది ఇందుకే: మెకీ, జెనెట్ పాత సరుకులో చాలా భాగం యురేనియం వల్ల ఆ వెలుగులో ప్రకాశవంతమైన పచ్చగా మెరుస్తుంది.

యుద్ధం తర్వాత కథ ఒహాయోకు మారింది. లాంకాస్టర్‌లోని యాంకర్ హాకింగ్ కంపెనీ తన ఫైర్ కింగ్ సరుకులో జేడైట్‌ను దించింది. అది ఓవెన్ వేడిని తట్టుకునే గాజు. అంచున సన్నని గీతలున్న జేన్ రే పళ్లేలు ఇళ్లకు వెళ్లాయి. 1948 నుంచి 1967 దాకా చేసిన రెస్టారెంట్ వేర్ మందంగా, బరువుగా ఉండేది. హోటళ్లలో, భోజనశాలల్లో రోజంతా కడిగినా నిలిచేది. ఆ బరువు కాఫీ కప్పును చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది.

తర్వాత ప్లాస్టిక్, స్టీలు వచ్చాయి. జేడైట్ అటకెక్కింది. జెనెట్ గ్లాస్ 1983లో మూతపడింది. 1990లలో మార్తా స్టూవర్ట్ తన టీవీ వంటింట్లో ఈ పచ్చ గిన్నెలను చూపించాక ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ఆమె తపాలా అమ్మకాల కోసం కొత్తవీ చేయించింది. ఒహాయోలోని మోసర్ కంపెనీ నేటికీ చేస్తోంది.

కొత్తవి చేయడం తప్పేమీ కాదు, పాతవని చెప్పి అమ్మితేనే మోసం. పాత ఫైర్ కింగ్ సరుకులో చాలావాటికి అడుగున పేరు ఉంటుంది. మెకీ గుర్తు చిన్న వలయంలో ఉంటుంది. జెనెట్‌వి చాలావాటికి గుర్తే ఉండదు, కాబట్టి ఆకారం, అచ్చు గీతలు తెలిసి ఉండాలి. వాడేవాళ్లు చేత్తోనే కడుగుతారు, ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలో మరిగే నీళ్లు పోయరు, మైక్రోవేవ్‌లో పెట్టరు. యురేనియం ఉన్న పాత గిన్నెల్లో పులుపు పదార్థాలు నిలవ ఉంచకుండా జాగ్రత్తపడేవాళ్లూ ఉన్నారు. చెంచా గీతలు పడితే బజారులో ధర తగ్గుతుంది. నా లెక్కలో మాత్రం గీతలు పడ్డ బేసినే మేలు: అది చేసిన పనికి అవే ఆధారాలు.