హాన్స్ స్లోన్ అర్ధప్రతిమ
లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న హాన్స్ స్లోన్ (1660–1753) అర్ధప్రతిమను శిల్పి మైకేల్ రిస్‌బ్రాక్ కాల్చిన మట్టితో మలిచాడు. ఒత్తయిన పొడవాటి విగ్గుతో కనిపించే ఈ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త 1687లో జమైకా వెళ్లి, ఏడాదికి పైగా ఉండి, సుమారు 800 మొక్కల నమూనాలతో తిరిగొచ్చాడు. జీవితకాలంలో ఆయన కూడబెట్టిన 71,000కు పైగా వస్తువులే ఆ మ్యూజియానికి పునాది.

2020 ఆగస్టులో ప్రతిమను పీఠం మీంచి దించి, బానిసత్వంతో ఆయనకున్న సంబంధాన్ని వివరించే అద్దాల బీరువాలోకి మార్చారు. ఇది చరిత్రను చెరిపేయడమేనని కొందరు మండిపడ్డారు. ఆ వాదన నిలవదు. ప్రతిమ అదే భవనంలో, అందరి కళ్ల ముందే ఉంది. పీఠం చెప్పని సంగతి ఇప్పుడు దాని పక్కన చేరింది, అంతే. ఆ సంబంధానికి మూలమైన జమైకా తోటలు ఆయనకు పెళ్లి ద్వారా కలిసొచ్చినవే కదా అన్న అభ్యంతరానికి మాత్రం జవాబు చెప్పాలి. 1695లో స్లోన్ పెళ్లాడిన ఎలిజబెత్, జమైకా తోటల యజమాని ఫల్క్ రోజ్ వితంతువు. బానిసల చాకిరీతో నడిచిన ఆ చెరకు తోటల రాబడిలో మూడోవంతు ఆమె ద్వారా స్లోన్ ఇంటికి చేరేది. వైద్యవృత్తి సంపాదనతో పాటు ఆ సొమ్ము కూడా సేకరణకు ఊతమిచ్చింది. పైగా జమైకాలో మొక్కలు సేకరించడంలో, వాటి వాడకం తెలుసుకోవడంలో ఆయనకు సాయపడినవాళ్లలో బానిసలూ ఉన్నారు.